సిమెంటు రోడ్డు వేశాక మా వీధిలో బండ్ల వేగం పెరిగింది. నెల్లూరులో ఎవరైనా తగ్గించగలిగారా?

వేపచెట్టు వీధి
డిసెంబరు 2, రాత్రి 9.40

అందరికీ నమస్కారం. మాది నెల్లూరులో మినీ బైపాస్‌కూ రైలు కట్టకూ మధ్య ఉన్న ఒక వీధి. పేరు చెప్పను, చెబితే రేపు పొద్దున్నే మా వాళ్లే గేటు దగ్గరికి వచ్చి నిలదీస్తారు. ముప్పై అడుగుల రోడ్డు, రెండు వైపులా కలిపి నలభై ఇళ్లు, చివర ఒక వేపచెట్టు, దాని కింద ఇస్త్రీ బండి. అండర్ బ్రిడ్జికి పోయేవాళ్లు సెంటర్లో ఆగకుండా మా వీధిలో దూరి అటు తేలుతారు.

రెండేళ్ల కిందటి వరకు ఇక్కడ అన్నీ గుంతలే. భూగర్భ డ్రైనేజీ కోసం తవ్వి పూడ్చిన మట్టి వానకు కుంగిపోయి, ఆటోలు పడవల్లా ఊగుతూ పోయేవి. అర్జీల మీద అర్జీలు పెట్టి సీసీ రోడ్డు వేయించుకున్నాం. రోడ్డు పూర్తయిన రోజు మా ఎదురింటావిడ వీధంతా సేమ్యా పాయసం పంచారు.

ఇప్పుడు అదే రోడ్డు మీద కాలు పెట్టాలంటే భయం. పోయిన వారం మా అత్తగారు ముగ్గు వేయడానికి వంగి ఉంటే ఆవిడ మోకాలి పక్క నుంచి ఒక బండి దూసుకుపోయింది. ముగ్గు డబ్బా ఎగిరి కాలువలో పడింది. ఆవిడకు ఏమీ కాలేదు గానీ, ఆ రోజు నుంచి ముగ్గు గేటు లోపలి బండల మీదే వేస్తున్నారు.

స్పీడు బ్రేకరు వేయించాలని సగం మంది, వద్దని సగం మంది. మీ వీధుల్లో ఏం చేశారో, ఏది పని చేసిందో చెప్పండి.

పినాకిని గట్టు
డిసెంబరు 2, రాత్రి 10.15

అమ్మా, గుంతలు పూడ్చమని అర్జీ పెట్టింది మీరే, ఇప్పుడు గడ్డలు వేయమని అడిగేదీ మీరే. ఆ కాంట్రాక్టరు చూస్తే ఏమనుకుంటాడు?

నవ్వులాటకు అన్నానులెండి. నాకు డెబ్బై రెండు. ఈ ఊరికి బైపాస్ లేని రోజుల్లో మద్రాసు లారీలన్నీ ట్రంకు రోడ్డు మీదుగానే పోయేవి. అప్పుడు భయం ట్రంకు రోడ్డు మీదే ఉండేది, సందుల్లోకి వస్తే ప్రాణం కుదుటపడేది. ఇప్పుడు ట్రంకు రోడ్డులో బండి కదలదు, సందులో ఆగదు.

బుల్లెట్ 350
డిసెంబరు 2, రాత్రి 11.02

రోడ్డు వేసింది బండ్లు పోవడానికే కదండీ. ముగ్గు వేసుకోవడానికి వాకిలి ఉంది, పిల్లలు ఆడుకోవడానికి ఏసీ సుబ్బారెడ్డి స్టేడియం ఉంది. పన్ను కట్టి కొన్న బండిని నడిచే వేగంతో తోసుకుంటూ పోవాలా?

వేపచెట్టు వీధి
డిసెంబరు 3, ఉదయం 6.20

బాబూ, ఆరేళ్ల పిల్ల సాయంత్రం అరగంట బంతి ఆడటానికి మా ఇంటి నుంచి స్టేడియానికి వెళ్లాలంటే ముందు ఈ వీధి దాటాలి. నేను అడిగేది కూడా అదే.

సర్వే గొలుసు
డిసెంబరు 3, ఉదయం 8.30

నేను ముప్పై రెండేళ్లు రోడ్ల పని చూసి రిటైరైనవాణ్ణి. మా శాఖ చేసిన తప్పులు నాకు కొన్ని తెలుసు, వాటిలో నావీ ఉన్నాయి. అందుకే కొంచెం పొడుగ్గా రాస్తాను.

స్పీడు బ్రేకరుకు ఒక కొలత ఉంది. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ దీని కోసం 99వ నంబరు మార్గదర్శకాలు 1988లో ఇచ్చింది, 2018లో సవరించింది. గుండ్రటి గడ్డ అయితే 3.7 మీటర్ల వెడల్పు, మధ్యలో 10 సెంటీమీటర్ల ఎత్తు. అంటే 17 మీటర్ల వ్యాసార్ధం ఉన్న పెద్ద చక్రంలో నుంచి కోసిన ఒక పలచటి ముక్క. దాని మీద గంటకు 25 కిలోమీటర్లతో పోతే ఒళ్లు కదలదు, అంతకు మించితే ఎత్తి కుదేస్తుంది. కొలత అలా పెట్టడంలో ఉద్దేశం అదే. నలుపు తెలుపు పట్టీలు వేయాలి, నలభై మీటర్ల ముందే హెచ్చరిక బోర్డు పెట్టాలి, రాత్రి కనిపించాలి.

మన వీధుల్లో ఉండేవి ఇవి కావు. ఇల్లు కట్టుకునేవారు స్లాబ్ రోజున మిగిలిన కాంక్రీటు తెచ్చి అడుగు వెడల్పున, జానెడు ఎత్తున రోడ్డుకు అడ్డంగా పోస్తారు. అది నెమ్మదిగా వచ్చే ముసలాయన నడుం విరుస్తుంది. వేగంగా వచ్చే కుర్రవాడి బండిలో స్ప్రింగులే ఆ దెబ్బను మింగేస్తాయి, వాడికి అంతగా తెలియదు కూడా.

మీ వీధిలో అలాంటిది ఏదైనా ఉందా?

వేపచెట్టు వీధి
డిసెంబరు 3, మధ్యాహ్నం 1.10

ఉండేది సార్. ఒప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. జూలైలో మా వీధిలో ఒకరి ఇంటి పైఅంతస్తు స్లాబ్ వేసినప్పుడు మీరు చెప్పినట్టే మిగిలిన కాంక్రీటుతో మేమే ఒకటి పోయించాం. మా ఆయనే దగ్గరుండి తాపీతో నున్నగా చేయించారు. రంగు వేయలేదు. నాలుగో రోజు రాత్రి కరెంటు పోయిన సమయంలో భార్యాభర్తలు బండి మీద వస్తుంటే వెనక కూర్చున్న ఆవిడ పడిపోయారు. మణికట్టు విరిగింది. మరుసటి రోజు తెల్లవారకముందే మేమే గడ్డపారలతో పగలగొట్టాం. ఆ మచ్చ ఇప్పటికీ రోడ్డు మీద ఉంది. నేను మొదటే చెప్పవలసిన మాట ఇది.

పిండికట్టు
డిసెంబరు 3, సాయంత్రం 7.45

ఎముకల వార్డులో పని చేస్తాను. ఇంటి ముందు పోసిన గడ్డల దగ్గర పడి వచ్చేవాళ్లలో ఎక్కువమంది వెనక సీటులో పక్కకు తిరిగి కూర్చున్న ఆడవాళ్లే. వాళ్లకు పట్టుకోవడానికి ఏమీ ఉండదు.

బుల్లెట్ తమ్ముడి కోసం ఒక లెక్క. గంటకు 30 అంటే సెకనుకు 8 మీటర్ల పైచిలుకు. పిల్లవాడు అడ్డం వచ్చాడని కంటికి కనబడి కాలు బ్రేకు మీదికి పోవడానికి ఒక సెకను వేసుకోండి. పొడి రోడ్డు, మంచి బ్రేకులు అయితే మొత్తం 13 మీటర్ల దగ్గర బండి ఆగుతుంది. అదే 50లో ఉంటే ఆ ఒక్క సెకనులోనే దాదాపు 14 మీటర్లు పోతుంది. అంటే 30లో వచ్చిన బండి ఆగి నిలబడిన చోటికి 50లో వచ్చే బండి ఏమాత్రం తగ్గని వేగంతో చేరుతుంది. గుద్దుడులోని బలం వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి 30తో పోలిస్తే దాదాపు మూడింతలు.

2022లో దేశం మొత్తం మీద రోడ్ల మీద పోయినవారు 1,68,491 మంది. అందులో వందకు 44 మందికి పైగా ద్విచక్ర వాహనాల మీద ఉన్నవాళ్లు, 19 మందికి పైగా నడిచి పోతున్నవాళ్లు. కార్ల వాళ్ల కంటే మనమే ఎక్కువ తమ్ముడూ.

బుల్లెట్ 350
డిసెంబరు 3, రాత్రి 10.30

లెక్క అర్థమైంది డాక్టరుగారూ. కానీ సందులో 50లో ఎవరు పోతారు? అందరూ ఊహించుకుని చెబుతున్నారు. పక్క నుంచి పోతే వేగంగానే అనిపిస్తుంది.

సర్వే గొలుసు
డిసెంబరు 4, ఉదయం 7.15

మంచి ప్రశ్న. కొలవండి. దానికి యంత్రం అక్కర్లేదు. రెండు కరెంటు స్తంభాల మధ్య దూరం టేపుతో కొలిచి, ఒక స్తంభం దాటినప్పుడు ఫోనులో గడియారం నొక్కి, రెండోది దాటగానే ఆపండి. స్తంభాల మధ్య 33 మీటర్లు ఉంటే నాలుగు సెకన్లకు గంటకు 30, మూడు సెకన్లకు 40, రెండున్నర కన్నా తక్కువైతే 50. నిలబడి చూస్తున్నట్టు తెలియకూడదు, తెలిస్తే అందరూ పెద్దమనుషులైపోతారు.

ఏడున్నర ఆటో
డిసెంబరు 4, మధ్యాహ్నం 2.20

నేను బడి ఆటో నడుపుతాను. అందరూ మమ్మల్నే అంటారు కాబట్టి నా మాట కూడా రాస్తున్నాను. పన్నెండు ఇళ్ల దగ్గర ఆగాలి. ప్రతి ఇంట్లో రెండు నిమిషాలు ఆలస్యం. ఒక పిల్లకు జడ పూర్తి కాదు, ఒక బాబు టిఫిను డబ్బా మరిచిపోతాడు. గంట కొట్టాక గేటు వేసేస్తారు, అప్పుడు అదే తల్లిదండ్రులు నన్ను ఫోనులో తిడతారు. పోయిన ఆ ఇరవై నాలుగు నిమిషాలూ నేను ఎక్కడ రాబట్టుకోవాలి?

అడ్డంగా కాంక్రీటు గడ్డ ఉంటే మేము తగ్గిస్తాం, లేకపోతే వెనక అద్దం పక్కన వేలాడే పిల్లల తలలు పైకప్పుకు తగులుతాయి. బైకుల వాళ్లు తగ్గించరు. గడ్డకూ కాలువకూ మధ్య జానెడు సందు వదిలితే చాలు, ఇళ్ల ర్యాంపుల మీద నుంచి దాటేస్తారు. నడిచేవాళ్లు ఉండేదీ అక్కడే.

వేపచెట్టు వీధి
డిసెంబరు 4, రాత్రి 9.05

అన్నా, జడ మాట మా ఇంటి గురించే అన్నట్టుంది. రేపటి నుంచి ఏడింటికే వేస్తాను.

ఒంగోలు గిత్త
డిసెంబరు 6, ఉదయం 11.30

ఒంగోలు నుంచి. మాది కర్నూలు రోడ్డుకు దగ్గర్లో ఒక వీధి, మీ కథే. మేము ఇంకో దారి పట్టాం. వీధికి ఒక చివర సిమెంటు దిమ్మెలు పాతి కార్లూ ఆటోలూ రాకుండా మూసేశాం. నడిచేవాళ్లు, సైకిళ్లు, బైకులు పోవచ్చు.

వారం రోజులు స్వర్గం. రెండో వారం నుంచి గ్యాసు బండి మా చివరి ఇళ్లకు రావడం మానేసింది. చెత్త బండి తిప్పుకోవడానికి చోటు లేక మధ్యలోనే ఆగి, ఈల ఊది వెళ్లిపోయేది. అడ్డదారి వెతికే కార్లన్నీ పక్క వీధిలోకి మళ్లాయి. ఒక ఆదివారం పక్క వీధి వాళ్లు ఇరవై మంది మా దిమ్మెల దగ్గరికి వచ్చారు. వాళ్లలో మా మేనమామ కూడా ఉన్నారు. ఆయనతో మాటలు ఇప్పటికీ అంతంతమాత్రమే.

మధ్య దిమ్మె తీసేశాం. మీరు ఏం చేసినా పక్క వీధి వాళ్లను ముందే కూర్చోబెట్టి మాట్లాడండి. మేము చేయనిది అదే.

నల్లకోటు
డిసెంబరు 6, సాయంత్రం 6.40

దిమ్మెలు పాతాం, గడ్డలు పోశాం అని బహిరంగంగా రాసేస్తున్నారు, చదువుతుంటే నా వృత్తికి మంచి రోజులు వచ్చినట్టే ఉంది. వీధి కార్పొరేషన్ ఆస్తి. మీ గడ్డ దగ్గర పడినావిడ కేసు పెట్టి ఉంటే పోసినవాళ్లే జవాబుదారులు.

వేగ పరిమితి సంగతి తెలిస్తే ఆశ్చర్యపోతారు. 2018లో కేంద్రం ఇచ్చిన నోటిఫికేషన్ ప్రకారం పురపాలక పరిధిలో కారుకు గరిష్ఠ వేగం 70, మోటారు సైకిలుకు 60. మీ సందుకు విడిగా పరిమితి పెట్టకపోతే కాగితం మీద వర్తించేవి ఆ అంకెలే. ప్రజల భద్రత కోసం ఫలానా రోడ్డుకు తక్కువ పరిమితి పెట్టే అధికారం మోటారు వాహనాల చట్టం 112వ సెక్షన్లో ఉంది, బోర్డు పెట్టే అధికారం 116లో ఉంది. అడిగితేనే పెడతారు.

ఇంకొకటి. 2019 సవరణతో వచ్చిన 199ఎ సెక్షన్ ప్రకారం మైనరు బండి నడిపి నేరం చేస్తే సంరక్షకుడికో బండి యజమానికో మూడేళ్ల వరకు జైలు, పాతిక వేల జరిమానా. బండి రిజిస్ట్రేషన్ పన్నెండు నెలలు రద్దు. ఆ పిల్లవాడికి ఇరవై అయిదేళ్లు వచ్చేవరకు లైసెన్సు రాదు. ట్యూషనుకు స్కూటీ ఇచ్చి పంపేవాళ్లు ఇది గోడకు అంటించుకోండి.

వేపచెట్టు వీధి
డిసెంబరు 9, రాత్రి 8.50

కొలిచాం. నిన్నా ఇవాళా, పొద్దున ఏడున్నర నుంచి ఎనిమిదిన్నర వరకు. మా డాబా మీద కొబ్బరి మట్టల చాటున మా అమ్మాయి ఫోను పట్టుకుంది, నేను నోటు పుస్తకం పట్టుకున్నాను. స్తంభాల మధ్య సరిగ్గా 33 మీటర్లు కాదు, 34 వచ్చింది, సర్వే గొలుసు సార్ చెప్పిన లెక్కకు కొంచెం సరిచేసుకున్నాం.

ఎక్కువ బండ్లు మూడు, మూడున్నర సెకన్ల మధ్యలో ఉన్నాయి. రెండున్నర లోపు వచ్చినవి రెండు రోజుల్లో పంతొమ్మిది. బుల్లెట్ బాబూ, సందులో 50లో పోయేవాళ్లు ఉన్నారు.

అసలు చెప్పవలసింది ఇప్పుడు. బండి నంబర్ల చివరి రెండు అంకెలు కూడా రాసుకున్నాం. అడ్డదారి కోసం వచ్చే బయటివాళ్లే మన సమస్య అని ఇన్నాళ్లూ అనుకున్నాం కదా. ఆ పంతొమ్మిదింటిలో ఏడు మా వీధివే. స్పీడు బ్రేకరు కోసం అందరికన్నా గట్టిగా వాదించే పెద్దాయన కొడుకు ఉన్నాడు. పాయసం పంచినావిడ అల్లుడు ఉన్నాడు. ఎనిమిదీ పదిహేనుకు, 2.3 సెకన్లలో, మా అమ్మాయి గడియారం ఆపి "అమ్మా, నాన్న" అంది.

పినాకిని గట్టు
డిసెంబరు 9, రాత్రి 9.10

తాపీ మేస్త్రీ దొరికాడు.

వేపచెట్టు వీధి
డిసెంబరు 9, రాత్రి 9.30

ఆయనకు నోటు పుస్తకం చూపించాను. "ఆఫీసుకు ఆలస్యమైంది" అన్నారు. మిగతా పద్దెనిమిది మందీ అదే అంటారని చెప్పాను. అన్నం తిని పడుకున్నారు.

సర్వే గొలుసు
డిసెంబరు 10, ఉదయం 7.00

ఆయన్ను అంతగా తప్పు పట్టకండి అమ్మా. మీ రోడ్డు తిన్నగా ఉంది, నున్నగా ఉంది, చివరి వేపచెట్టు వరకు ఖాళీగా కనిపిస్తుంది. అలాంటి రోడ్డు మీద చెయ్యి తనంతట తానే యాక్సిలరేటరు తిప్పుతుంది. గుంతలున్నప్పుడు మీ ఆయన కూడా మర్యాదగానే నడిపి ఉంటారు. మనం గుంతలు పూడ్చాం గానీ, అవి చేసే పనిని ఇంకెవరికీ అప్పగించలేదు.

బోర్డులో 30 అని రాసి రోడ్డును 60కి కడితే డ్రైవరు రోడ్డు మాటే వింటాడు. సర్వీసులో ఉండగా ఇది నాకు తెలియదని కాదు. వీధి రోడ్డు అంటే ఎంత మందం, ఎంత పొడవు, బిల్లు ఎంత, అంతే చూశాం.

కాలువ పక్క సైకిలు
డిసెంబరు 10, మధ్యాహ్నం 3.15

కావలి వాణ్ణి, ఆరేళ్లుగా నెదర్లాండ్స్‌లో డెల్ఫ్ట్‌లో ఉంటున్నాను. ఇక్కడి వీధుల్లో పిల్లలు రోడ్డు మధ్యలో ఆడుకుంటుంటే మొదట్లో వాళ్ల తల్లిదండ్రుల మీద కోపం వచ్చేది. తరువాత తెలిసింది, ఆ ఆట ఇక్కడ చట్టం ఇచ్చిన హక్కు.

ఈ ఊళ్లోనే 1960ల చివర్లో మొదలైందట. కార్లు దూసుకుపోతున్నాయని జనం వీధిలో రాళ్లు పెకలించి, చెట్ల తొట్లు పెట్టి, దారిని వంకరలు తిప్పారు. దానికి వూనెర్ఫ్ అని పేరు, అంటే మనం వాకిలి అనుకోవచ్చు. 1976లో చట్టంలోకి ఎక్కింది. అలాంటి వీధి మొదట్లో నీలం బోర్డు ఉంటుంది, దాని మీద ఇల్లు, బంతి ఆడే పిల్లవాడు, చిన్న కారు బొమ్మ. కారు మనిషి నడక వేగంతోనే పోవాలి.

ఇది వాళ్లకు పుట్టుకతో వచ్చిన బుద్ధి అనుకోకండి. 1971లో ఈ చిన్న దేశంలో రోడ్ల మీద 3,300 మంది చనిపోయారు, అందులో నాలుగు వందల మందికి పైగా పిల్లలు. తల్లులు రోడ్డెక్కారు. ఇప్పుడు ఏటా ఏడు వందల దరిదాపుల్లో ఉంది.

మీ వీధికి ఖర్చు లేని మార్గం ఇదే. గడ్డ వద్దు, వంకర కావాలి. ఎడమవైపు ఒక తొట్టి, పాతిక మీటర్ల తరువాత కుడివైపు ఒకటి. కంటికి వీధి చివర కనిపించకూడదు.

బుల్లెట్ 350
డిసెంబరు 10, రాత్రి 11.20

ఆ దేశంలో వానకు అండర్ బ్రిడ్జిలు మునుగుతాయా? మన దగ్గర నాలుగు చినుకులు పడితే ఊరంతా మూడు దారుల్లోకి మళ్లుతుంది. ఆ రోజు ఈ తొట్ల మధ్య బండ్లు ఇరుక్కుంటే తిట్టేది మమ్మల్నే.

సర్వే గొలుసు
డిసెంబరు 11, ఉదయం 6.50

తమ్ముడు అడిగింది న్యాయమైన మాట. ఎక్కడ పెట్టినా మూడున్నర మీటర్ల దారి ఖాళీగా ఉండాలి. అంబులెన్సు, అగ్నిమాపక బండి పట్టాలి. పాతకూడదు, అవసరమైతే నలుగురు కలిసి పక్కకు దొర్లించేలా ఉండాలి. మ్యాన్‌హోలు మూతల మీద పెట్టకండి, అందరూ చేసే తప్పు అది. రాత్రి మెరిసే పట్టీలు తప్పనిసరి. ముందుగా అనుమతి.

వేపచెట్టు వీధి
డిసెంబరు 28, రాత్రి 9.15

మధ్యలో ఒక విచిత్రం జరిగింది, రాయకుండా ఉండలేను.

ధనుర్మాసం వచ్చిందని మా అత్తగారు పంతం పట్టారు. "నెల రోజులు కూడా లోపలే వేస్తే అది ముగ్గు కాదు, గచ్చు మీద రాత" అని ఎదురింటావిడను, పక్క వాటా కోడలిని వెంటబెట్టుకుని తెల్లవారుజామున అయిదింటికి రోడ్డు మీదికి దిగారు. పోటీ పడి ఇప్పుడు పదిహేను ఇళ్ల వాళ్లు వేస్తున్నారు. రోడ్డు సగానికి వచ్చే రథాలు, పద్మాలు, మధ్యలో గుమ్మడి పువ్వు గుచ్చిన గొబ్బెమ్మలు.

నిన్న మా అమ్మాయి ఊరికే గడియారం పట్టుకుంది. ఎక్కువ బండ్లు నాలుగున్నర, అయిదు సెకన్లు! ఎవరూ ముగ్గు తొక్కడం లేదు. కుర్రవాళ్లు కూడా గొబ్బెమ్మ దగ్గర బండి పక్కకు వంచి, ముగ్గు అంచు వెంట తిప్పుకుని పోతున్నారు. పేడ అంటుతుందనో, పాపమనో, ఏదైతేనేం. పదకొండు గంటలకు ముగ్గు చెరిగిపోయాక మళ్లీ మూడు సెకన్లే.

కాలువ పక్క సైకిలు
డిసెంబరు 28, రాత్రి 10.40

ఇక్కడివాళ్లు ఇంజినీర్లను పెట్టి గీయించుకున్న వంకరను మీ అత్తగారు బియ్యప్పిండితో గీశారు.

ఏడున్నర ఆటో
డిసెంబరు 29, ఉదయం 9.40

నేను కూడా తొక్కను. మా అమ్మ వేసేది.

వేపచెట్టు వీధి
ఫిబ్రవరి 16, రాత్రి 8.30

చాలా రోజులైంది, జరిగింది రాస్తున్నాను.

సంక్రాంతి తరువాత ముగ్గులు తగ్గాయి, వేగం పెరిగింది. అప్పుడు కదిలాం. వార్డు సచివాలయంలో ఒక అర్జీ, సోమవారం కలెక్టరేట్‌లో ప్రజా సమస్యల పరిష్కార వేదికలో ఒకటి. నోటు పుస్తకంలోని పేజీలు జత చేశాను, మా ఆయన నంబరుతో సహా. వార్డు ఇంజినీరు వచ్చి వీధి అటూ ఇటూ నడిచి చూశారు. నెల రోజులు పెట్టి చూడండి, ఫిర్యాదు వస్తే తీసేయాలి, రాత్రి కనిపించకపోతే ఆ రోజే తీయిస్తాను అన్నారు. ఒంగోలు గిత్త గారి మాట గుర్తు పెట్టుకుని పక్క వీధి వాళ్లను మా వేపచెట్టు కిందికి పిలిచి టీలు ఇచ్చాం. వాళ్లు ఒక్కటే అడిగారు: మీ వీధి మూయకండి.

తొట్లు కొనాలంటే ధరలు చూసి కళ్లు తిరిగాయి. మరుగుదొడ్ల గుంతలకు దించే సిమెంటు వరలు ఉంటాయి కదా, అవి ఆరు తెచ్చాం. నిలబెట్టి మట్టి నింపి, ఎడమ ఒకటి, కుడి ఒకటి పెట్టాం. నలుపు తెలుపు పట్టీలు మా ఆయనే వేశారు, మెరిసే స్టిక్కర్లు బుల్లెట్ బాబు పంపారు. ఆయన మా పక్క వీధే అని అప్పుడు తెలిసింది.

అంతా బాగుందని కాదు. ఒక ఇసుక ట్రాక్టరు రెండో వరను రాసుకుని పోయి బీట వేసింది. మూలింటివారికి కారు లోపలికి తిప్పడం కష్టమైంది, వాళ్ల ముందున్న వరను నాలుగడుగులు జరిపాం. వేపచెట్టు దగ్గర ఆఖరి ముప్పై మీటర్లలో వరలు లేవు, అక్కడికి రాగానే అందరూ మళ్లీ ఊపు అందుకుంటున్నారు. ఇస్త్రీ అతను రోజూ చెబుతాడు.

ఎక్కువ బండ్లకు మాత్రం గడియారం నాలుగు సెకన్లకు తగ్గడం లేదు. నిన్న పొద్దున గంటసేపట్లో రెండున్నర లోపు వచ్చిన బండి ఒక్కటే. అది మా వీధిది కాదు.

సర్వే గొలుసు
ఫిబ్రవరి 17, ఉదయం 7.05

వాన పడితే వరల్లో నీళ్లు నిలవకుండా అడుగున కంకర వేశారా? దోమలు పెరిగితే మీ మీద ఇంకో అర్జీ వస్తుంది.

బుల్లెట్ 350
ఫిబ్రవరి 17, ఉదయం 8.20

వేశాం సార్, కంకర మోసింది నేనే. ఆ ఒక్క బండీ నాది కాదని కూడా రాసుకోండి.

ఒంగోలు గిత్త
ఫిబ్రవరి 17, సాయంత్రం 5.50

వరల్లో ఏం మొక్కలు వేశారు? మా మేనమామను టీకి పిలిచి మళ్లీ మొదలుపెడదామనుకుంటున్నాను.

వేపచెట్టు వీధి
ఫిబ్రవరి 17, రాత్రి 9.00

నందివర్ధనం మూడు, మందారం రెండు. మూడో వరలో మా అత్తగారు కరివేపాకు వేశారు. రోజూ ఎవరో ఒకరు రెండు రెబ్బలు తుంచుకుపోతున్నారు. ఆవిడ మొదట తిట్టారు గానీ, తుంచడానికి బండి ఆపుతున్నారని ఇప్పుడు చూసీ చూడనట్టు ఊరుకుంటున్నారు.